మొగుడు మంచోడైతే డిప్రెషన్ రాదా?

కాన్పు తర్వాత నాకు డిప్రెషన్ వచ్చిందని తెలిసినప్పుడు మా చుట్టాలంతా అన్నమాట ఒకటే, "నీకేం తక్కువమ్మా, మీ ఆయన నిన్ను పువ్వుల్లో పెట్టి చూసుకుంటాడు కదా" అని. చూసుకుంటాడు, నిజమే. మేనత్త కొడుకు, చిన్నప్పటినుంచీ తెలిసిన మనిషి. అయినా జబ్బు వచ్చింది. ఆ మాట విన్న ప్రతిసారీ ఇంత మంచి మనిషిని పెట్టుకుని ఏడుస్తున్నానే అని ఇంకా కుంగిపోయేదాన్ని, అందుకే ఇది రాస్తున్నా.

బాలింతలకు మొదట్లో ఏడుపు రావడం మామూలే, చాలామందికి రెండు వారాల్లోపు తగ్గిపోతుంది. నాకు తగ్గలేదు. పాప నిద్రపోయినా నాకు కన్ను మూతపడేది కాదు, అన్నం సయించేది కాదు, పాపను ఎత్తుకుంటే ఎవరి బిడ్డనో పట్టుకున్నట్టు ఉండేది. ఈ మాట పైకి చెబితే నువ్వూ ఒక తల్లివేనా అంటారని భయం. బాత్రూంలో కొళాయి తిప్పి ఏడ్చేదాన్ని. నేను లేకపోతే వీళ్ళిద్దరూ సుఖంగా ఉంటారేమో అని కూడా అనిపించింది. ఇంట్లో దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు, కొండకు మొక్కుకున్నారు. చూపించిన డాక్టరేమో బలానికి టానిక్ రాసి పంపించేశారు.

చివరికి బావే కనిపెట్టాడు. రైల్వే స్టేషన్ దగ్గర లాడ్జిలో పని ఆయనకు. ఓ రాత్రి డ్యూటీకి పోబోతూ ఆగి, "అమ్మీ, నువ్వు నన్ను తిట్టి ఎన్నాళ్ళయిందో చూసుకున్నావా?" అన్నాడు. అంతే, భోరున ఏడ్చి అంతా చెప్పేశా. అన్నీ సర్దుకుంటాయిలే అనలేదు. పొద్దున్నే తిరుపతి రుయా ఆస్పత్రిలో సైకియాట్రీ ఓపీకి తీసుకుపోయాడు.

గడిచిన వారంలో నవ్వగలిగావా, నిద్ర పడుతోందా, చావాలనిపించిందా అని డాక్టరమ్మ ఒక్కొక్కటే అడిగారు. బాలింతల్లో డిప్రెషన్‌ను పసిగట్టడానికి 1987లో బ్రిటన్‌లో తయారైన ఎడిన్‌బరో ప్రశ్నలు, మొత్తం 10, ఇలాంటివే ఉంటాయని తర్వాత తెలిసింది. కాన్పు తర్వాత థైరాయిడ్ తేడా చేసినా మనసు ఇలాగే అవుతుందని రక్తపరీక్ష కూడా చేయించారు. పాలిచ్చే తల్లులకు కూడా వాడే సెర్ట్రాలిన్ అనే డిప్రెషన్ మాత్రలు రాసి, గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో ఆపొద్దు అన్నారు. తర్వాత బావ వైపు తిరిగి, "ఈమెకు రాత్రి నిద్ర మందుతో సమానం, అది మీ బాధ్యత" అన్నారు.

ఆయన పగటి డ్యూటీకి మారాడు. నేను పిండిపెట్టిన పాలు అర్ధరాత్రి ఉగ్గుగిన్నెతో పట్టేవాడు, ఒక్క చుక్క కారకుండా, పాప తల మోచేతి మడతలో ఆనించి, మధ్యమధ్యలో భుజాన వేసుకుని వీపు నిమురుతూ. "మగోడివి, రాత్రంతా నీకెందుకురా ఈ పని" అని మా అత్త గొణిగితే, "డాక్టరు రాసిన మందుల్లో ఇదీ ఒకటేమ్మా" అన్నాడు. ఆయన ప్రేమ జబ్బు రాకుండా ఆపలేకపోయింది గానీ, మందు పనిచేసేదాకా నన్ను నిలబెట్టింది మాత్రం ఆ ప్రేమే.

కొన్ని వారాలకు నిద్ర పట్టింది, తర్వాత ఆకలి, ఆ తర్వాత పాప మీద మమకారం. ఒకరోజు తడి టవల్ మంచం మీద పడేశాడని గట్టిగా అరిచేశా. ఆయన ముఖం వెలిగిపోయింది, పరుగెత్తిపోయి వంటింట్లో ఉన్న అత్తతో "తిట్టిందమ్మా" అని చెప్పాడు.

మాత్రలు ఇంకా వాడుతున్నా. బాగైన తర్వాత కూడా కొన్ని నెలలు వాడి, డాక్టరు చెప్పినట్టు మెల్లిగా తగ్గించుకోవాలి. మీ ఇంట్లో బాలింత ఎవరైనా ఇలా ఉంటే, ఆస్పత్రికి పోవడానికి జంకుతుంటే, ముందు 14416కి ఫోన్ చేయండి. 2022లో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు అది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.