నిఘంటువు యాప్ ప్యాకేజింగ్: చివరికి ఉబుంటు 22.04 మీదే

తెలుగు నిఘంటువు యాప్‌లో కోడింగ్ దాదాపు అయిపోయింది. సీ ప్లస్ ప్లస్ భాష, విండోలూ బటన్లూ గీసే క్యూటీ 6 లైబ్రరీ, లోపల ఒక ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైలు, అంతే. మిగిలింది డెబ్ ప్యాకేజీ, అంటే ఉబుంటు లాంటి లినక్స్‌లలో ఇన్‌స్టాల్ చేసుకునే ఫైలు. ఉబుంటు ఏ రిలీజ్ మీద బిల్డ్ చెయ్యాలో తేలక ఆ పని ఇన్నాళ్లూ నానింది.

నేను వాడేది ఉబుంటు 24.04. అందులో బిల్డ్ చేసిన ఫైలు తమ్ముడి లినక్స్ మింట్ 21లో అసలు తెరుచుకోలేదు. దాదాపు ప్రోగ్రాములన్నీ ఆధారపడే సీ లైబ్రరీ, జీలిబ్‌సీ 2.38 దొరకలేదని టెర్మినల్‌లో గొడవ. మింట్ 21కి పునాది ఉబుంటు 22.04, దాంట్లో ఉన్నది 2.35. నా దగ్గర 2.39. పాత జీలిబ్‌సీ మీద కట్టిన ప్రోగ్రాం కొత్తదాంట్లో నడుస్తుంది గానీ, కొత్తదాని మీద కట్టింది పాతదాంట్లో నడుస్తుందన్న హామీ లేదు.

ఇంతవరకూ తెలిసిందే. కానీ నేను కొత్త ఫంక్షన్లేవీ వాడలేదే! ఆబ్జ్‌డంప్ అనే టూల్‌తో సింబల్స్ (ప్రోగ్రాం బయటినుంచి వాడుకునే ఫంక్షన్ల పేర్లు) తీసి చూస్తే బయటపడింది: పేజీ నంబర్లు చదవడానికి వాడిన మామూలు స్ట్రటోల్, టెక్స్ట్‌ని అంకెగా మార్చే ఫంక్షన్. సీ భాష కొత్త ప్రమాణం సీ23 ప్రకారం అది 0బీతో మొదలయ్యే బైనరీ అంకెలు కూడా చదవాలి. అందుకని 2.38లో దానికి కొత్త రూపం చేర్చారు, హెడర్ ఫైళ్లు మన కాల్‌ని చడీచప్పుడు లేకుండా అటు మళ్లిస్తాయి. మనం సీ23 అడగకపోయినా అంతే, ఎందుకంటే జీ ప్లస్ ప్లస్ కంపైలర్ జీఎన్‌యూ సోర్స్ అనే మాక్రోని (సెట్టింగ్ లాంటిది) తనంతట తనే ఆన్ చేస్తుంది. సోర్స్‌లో ఒక్క అక్షరం మారకుండానే ప్రోగ్రాం కొత్త సిస్టమ్‌కి కట్టుబడిపోతుందన్నమాట.

కాబట్టి పోడ్‌మ్యాన్ అనే టూల్‌తో 22.04 కంటైనర్ (నా సిస్టమ్ లోపలే విడిగా నడిచే ఇంకో ఉబుంటు లాంటిది) పెట్టి అందులోనే బిల్డ్ చేస్తున్నాను. అక్కడ క్యూటీ 6.2.4. బిల్డ్ ఎలా చెయ్యాలో చెప్పే సీమేక్ ఫైల్లో క్యూటీ స్టాండర్డ్ ప్రాజెక్ట్ సెటప్ అనే కమాండ్ 6.3లో వచ్చింది కాబట్టి అది తీసేసి అది చేసే సెట్టింగులు ఆటోమాక్, ఆటోయూఐసీ విడిగా ఆన్ చేశాను. 24.04లో క్యూటీ ప్యాకేజీల పేర్ల చివర టీ64 చేరింది కదా, డిపెండెన్సీలు (నా ప్యాకేజీకి కావాల్సిన మిగతా ప్యాకేజీలు) తెగుతాయేమోనని టెన్షన్ పడ్డాను. కొత్త ప్యాకేజీలే పాత పేర్లను కూడా ప్రొవైడ్ చేస్తున్నాయి, ఏ పేచీ లేకుండా ఇన్‌స్టాల్ అయింది. స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం లాంటి సంయుక్తాక్షరాలు రెండు రిలీజుల్లోనూ సరిగ్గానే పడుతున్నాయి.

22.04 మీదున్న ఎల్‌టీఎస్ (దీర్ఘకాలిక సపోర్ట్) అన్న ముద్ర చూసి నిశ్చింతగా ఉండొచ్చా అంటే, నాకైతే నమ్మకం లేదు. ఉబుంటు ఇచ్చే 5 ఏళ్ల సపోర్ట్ మెయిన్ విభాగానికి. 22.04లో క్యూటీ 6 ఉన్నది యూనివర్స్ అనే ఇంకో విభాగంలో. దాని సెక్యూరిటీ అప్‌డేట్లు కావాలంటే ఉబుంటు ప్రో అనే సబ్‌స్క్రిప్షన్ పెట్టుకోవాలి. సొంత వాడకానికి 5 మెషీన్ల వరకు ఉచితమే, కానీ ఎంతమంది పెట్టుకుంటారు? పోనీ క్యూటీ 6.2 కూడా ఎల్‌టీఎస్సే కదా అంటే, ఆ దీర్ఘకాలిక ప్యాచ్‌లు ముందుగా అందింది కమర్షియల్ లైసెన్స్ కొన్నవాళ్లకి, దాని మామూలు సపోర్ట్ కూడా 2024లోనే ముగిసింది. నా యాప్ నెట్ జోలికి పోదు, తన సొంత ఫైలు తప్ప ఇంకేదీ తెరవదు కాబట్టి సర్దుకున్నాను. ఏ మెయిల్ క్లయింటో అయితే ఈ పని చెయ్యను.

లేటెస్ట్ కావాలన్నవాళ్లకి ఫ్లాట్‌ప్యాక్ (ఏ లినక్స్‌లోనైనా నడిచే ప్యాకేజీ రకం) విడిగా ఇస్తాను. అందులో జీలిబ్‌సీ, క్యూటీ రెండూ రన్‌టైమ్‌ (యాప్‌కి కావాల్సిన లైబ్రరీల మూట) తో పాటే వస్తాయి కాబట్టి కొత్త కేడీఈ రన్‌టైమ్ తీసుకోవడానికి అడ్డేమీ లేదు. రన్‌టైమ్ సపోర్ట్ అయిపోయినప్పుడల్లా వెర్షన్ మార్చి మళ్లీ బిల్డ్ చెయ్యాలి, ఆ చాకిరీకి సిద్ధపడాలి. ఫోన్ హాట్‌స్పాట్ మీద బతికేవాళ్లకి మాత్రం మొదటి డౌన్‌లోడ్ భారమే, వాళ్లకి డెబ్బే మేలు.

22.04 మామూలు సపోర్ట్ 2027లో ముగుస్తుంది. అప్పుడు కంటైనర్‌ని 24.04కి మారుస్తాను, అంతకుముందు కాదు. ప్రస్తుతానికి డెస్క్‌టాప్ ఫైల్లో తెలుగు పేరు చేర్చాలి, ప్యాకేజీలో తప్పులు వెతికే లింటియన్ చూపించిన హెచ్చరికలు సరిచెయ్యాలి. మ్యాన్ పేజీ (టెర్మినల్‌లో చదివే సహాయ పత్రం) లేదన్న ఫిర్యాదును మాత్రం వదిలేస్తున్నాను. నిఘంటువు యాప్‌కి మ్యాన్ పేజీ ఎవరు చదువుతారు?