గాలన్ కడుపులో క్వార్టులు

మావాడు ఇక్కడ అమెరికాలో ఫోర్త్ గ్రేడ్. మొన్న హోంవర్క్ అని ఒక పేపర్ తెచ్చాడు, దాన్లో ఇంత పెద్ద జీ అక్షరం, దాని కడుపులో నాలుగు క్యూలు, ఒక్కో క్యూలో రెండు పీలు, ఒక్కో పీలో రెండు సీలు. గాలన్‌కి నాలుగు క్వార్టులు, క్వార్ట్‌కి రెండు పైంట్లు, పైంట్‌కి రెండు కప్పులు అన్నమాట. ఇట్లాంటి కొలతల్ని ఇక్కడ కస్టమరీ అంటారు. బొమ్మేస్తే తప్ప గుర్తుండనిది అదేం కొలతరా, లీటర్ అంటే వెయ్యి మిల్లీలీటర్లు, అయిపాయె అనేశా. అంతటితో ఊరుకోకుండా 1999లో నాసా వాళ్ళ అంతరిక్ష నౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ ఎట్లా పోయిందో కూడా చెప్పా, ఒక టీమ్ పౌండ్లలో లెక్కలిస్తే ఇంకో టీమ్ న్యూటన్లు అనుకుందని. వాడికి హోంవర్క్ కంటే అదే నచ్చింది.

స్కూల్లో రెండూ నేర్పిస్తారు, అది నిజమే, సెకండ్ గ్రేడ్ నుంచే ఇంచులూ సెంటీమీటర్లూ. 1975లో మెట్రిక్ చట్టం చేశారు కానీ ఇష్టమున్నోళ్ళు మారండి అన్నారు, అట్లా అంటే ఎవరు మారతారు? పాలు గాలన్లలో, సోడా రెండు లీటర్ల బాటిల్లో, పిల్లల జ్వరం మందు మిల్లీలీటర్లలో.

ఆదివారం నాన్న వీడియో కాల్లో ఉంటే వీడు మధ్యలో దూరి, తాతా మన పొలం ఎన్ని స్క్వేర్ మీటర్లు అన్నాడు. నా మాటలు విని ఇండియాలో అంతా మీటర్లే అనుకున్నాడు పాపం.

"మీటర్లేంది బిడ్డా, ఎకరం మీద ఇరవై కుంటలు."

"కుంట అంటే?"

"నూట ఇరవై ఒక్క గజాలు. నలభై కుంటలైతే ఎకరం."

వీడు పెన్సిల్ తీసి 121 ఇంటూ 40 వేశాడు, 4840. గజం అంటే యార్డే కదా అని నన్ను అడిగి, ఎకరానికి ఎన్ని స్క్వేర్ యార్డులో టాబ్లెట్‌లో చూశాడు, అదే 4840. "అమ్మా, తాతది కూడా కస్టమరీయే!" అని ఒకటే అరుపు.

నేనేం మాట్లాడను? మన దగ్గర 1956లోనే మెట్రిక్ చట్టం వచ్చింది, నేను పుట్టక ముందే. అయినా వాడికి జ్వరమొస్తే 102 అంటా, వాడి ఎత్తు నాలుగడుగుల ఐదించులు అంటా, బంగారం తులాల్లో అంటా. సెంటీగ్రేడ్‌లో జ్వరం ఎంతుంటే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలో గూగుల్ చేస్తే గానీ తెలీదు నాకు.

వాడు మాత్రం అదే హోంవర్క్ పేపర్ వెనక పెద్ద ఏ అక్షరం గీసి, దాన్లో నలభై కేలు ఇరికించే పనిలో పడ్డాడు, తాతేమో ఫోన్లో లెక్కపెడుతున్నాడు. పద్నాలుగో కే దగ్గర జాగా అయిపోయింది.