స్విఫ్ట్‌కి రెండు సైలెన్సర్లు ఎందుకు వద్దంటున్నానంటే

మిర్యాలగూడ నుంచి మా బామ్మర్ది మొన్న రాత్రి ఫోన్ చేశాడు. "బావా, నా స్విఫ్ట్‌కి డ్యూయల్ ఎగ్జాస్ట్ వేయిస్తున్నా, అటొకటి ఇటొకటి. సౌండ్ అదిరిపోతది, పికప్ కూడా పెరుగుతదంట." ఫోన్‌లో అరగంట మాట్లాడినా తెగలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా. ఇదే ఆలోచనలో ఉన్నవాళ్లు ఇంకా చాలామంది ఉంటారని నాకు తెలుసు, రెండేళ్ల కింద నేనూ అందులో ఒకణ్ణే.

ముందు సౌండ్ సంగతి. సౌండ్ పుట్టేది పైపులో కాదు, ఇంజన్‌లో. బుల్లెట్ బైక్‌కి ఉన్నది ఒకటే సిలిండర్, ఇంజన్ రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి పేలుతుంది, అందుకే ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఖాళీ చెవికి తెలుస్తుంది. మా బామ్మర్ది బండి పాత మోడల్, నాలుగు సిలిండర్లది (2024లో వచ్చిన కొత్త స్విఫ్ట్‌కి మూడే). సిలిండర్లు 1-3-4-2 నంబర్ల వరుసలో, సరిగ్గా సగం చుట్టుకొకటి చొప్పున పేలుతుంది. 3000 ఆర్‌పీఎం దగ్గర లెక్కేస్తే సెకనుకు 100 దెబ్బలు, అన్నీ సమాన దూరంలో. వీడియోల్లో వినే అమెరికన్ వీ8 (ఎనిమిది సిలిండర్ల) బండ్ల గుడగుడ ఎక్కడిదంటే, వాటిలో ఒక్కో వైపున్న నాలుగు సిలిండర్లు సమాన దూరంలో పేలవు. పాత సుబారు ఇంప్రెజా కూడా నాలుగు సిలిండర్లదే కానీ దాని ఇంజన్ పడుకుని ఉంటుంది, మానిఫోల్డ్ (సిలిండర్ల నుంచి పొగను బయటికి తెచ్చే) పైపులు ఒకటి పొడుగు ఒకటి పొట్టి, దెబ్బలు ఎగుడుదిగుడుగా బయటికొస్తాయి. మన బండికి ఆ ఏర్పాటే లేదు. వెనక రెండు పైపులు పెట్టినా నాలుగు పెట్టినా అదే సౌండ్ ఇంకా గట్టిగా వినిపిస్తుంది, అంతే.

అసలు రెండు పైపులు ఎందుకొచ్చాయంటే, వీ6, వీ8 ఇంజన్లకు అటో వరుస ఇటో వరుస సిలిండర్లుంటాయి కాబట్టి ఒక్కో వరుసకు ఒక్కో పైపు. ఆ రెంటినీ మధ్యలో అడ్డంగా ఒక ముక్కతో కలిపితే హెచ్ పైపు, సౌండ్ బరువుగా, బేస్‌తో వస్తుంది. కత్తెరలా ఒకదాన్నొకటి దాటిస్తే ఎక్స్ పైపు, పొగ ఇంకా సాఫీగా పోతుంది, సౌండ్ కొంచెం పలచబడి పైకి లేస్తుంది. ఇవన్నీ రెండు వరుసల ఇంజన్ ముచ్చట్లు. స్విఫ్ట్‌లో నాలుగు సిలిండర్ల పొగ ముందే ఒక్క పైపులో కలిసిపోతుంది, దాన్ని వెనక బంపర్ దగ్గర మళ్లీ రెండుగా చీలిస్తే బరువు పెరుగుతుంది కానీ పవర్ పెరగదు.

ఇక నా బండి సంగతి. హైదరాబాద్‌లో ఒక షాపులో మధ్యలో మోత తగ్గించే రెజొనేటర్, వెనక సైలెన్సర్ డబ్బా రెండూ తీయించి, రెండున్నర అంగుళాల పైపు నేరుగా వేయించాను. కంపెనీ పైపు రెండు అంగుళాల లోపే ఉంటుంది. ఒకటిముప్పావు నుంచి రెండున్నరకు పోతే లోపలి జాగా రెట్టింపవుతుంది, చిన్న ఇంజన్ వదిలే పొగ అంతే కాబట్టి దాని వేగం పడిపోతుంది. చాలామంది "బ్యాక్ ప్రెషర్ (పొగకు ఎదురు ఒత్తిడి) ఉండాలి" అంటారు, అది సరైన మాట కాదు. ఇంజన్‌కి కావాల్సింది పొగ వేగం. ఒక దెబ్బ పైపులో వేగంగా పోతుంటే దాని వెనక ఒత్తిడి తగ్గి, తర్వాతి సిలిండర్‌లోని పొగను లాగుతుంది. వెడల్పు పైపులో ఆ లాగుడు బలహీనపడుతుంది. స్పీడ్ బ్రేకర్ దాటాక సెకండ్ గేర్‌లో బండి నాకు ఇదివరకులా అందుకోలేదు.

దానికంటే బాధపెట్టింది ఇంకొకటి. నార్కట్‌పల్లి దాటి విజయవాడ హైవే ఎక్కాక ఐదో గేర్‌లో ఒకే స్పీడ్‌లో పోతుంటే లోపలంతా ఒకటే బూ...మని మోత, అద్దాలు, సీటు అన్నీ వణికేవి. సరిగ్గా ఆ మోతను చంపడానికే కంపెనీ రెజొనేటర్ పెడుతుంది. దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం వెళ్లినప్పుడు వెనక సీట్లో కూర్చున్న మా అమ్మ మన్ననూరు రాకముందే చెవులు మూసుకుంది. ఆ తర్వాత అడవిలో, పులులు తిరిగే చోట, నా బండి చప్పుడు నాకే తప్పనిపించింది. ఇంటికొచ్చిన వారంలో పాతవి మళ్లీ పెట్టించాను.

వెనక డబ్బా మాత్రం తుప్పు పట్టిపోయి కొత్తది కొనాల్సొచ్చింది. పాతదాన్ని దేవరకొండ రోడ్డులో మా మెకానిక్ అన్న కట్టర్‌తో కోసి చూపించాడు. లోపల చిన్న చిన్న గదులు, వాటి గుండా జల్లెడలా చిల్లులున్న గొట్టాలు, అడుగున గ్లాసుడు ఎర్రటి తుప్పు నీళ్లు. పెట్రోల్ మండితే నీళ్లు పుడతాయి, రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిప్పితే డబ్బా వేడెక్కక ఆ నీళ్లు ఆవిరవ్వవు. అడుగున ఉండే సన్నటి చిల్లు అందుకే. ఎవరో దాన్ని లీకనుకొని వెల్డింగ్‌తో మూసేశారు.

నిజంగా పవర్ తేడా కావాలంటే చూడాల్సింది ముందు వైపు, మానిఫోల్డ్. 1-4, 2-3 సిలిండర్ల పైపులు జతలుగా కలిసి, తర్వాత ఒకటయ్యే 4-2-1 రకం మధ్య ఆర్‌పీఎంలో బాగా లాగుతుంది, ఊళ్లో తిరిగే బండికి అదే సరి. నాలుగూ ఒక్కచోట కలిసే 4-1 పై ఆర్‌పీఎంలో ఎక్కడో పనికొస్తుంది, రేసుకి. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ మాత్రం ఎవరు చెప్పినా తీయించొద్దు, పిల్లలు పీల్చే గాలి అది. చట్టం కూడా ఉంది. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 190(2) కింద చప్పుడుకు, పొగకు 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా పడొచ్చు.

ఒరేయ్ బామ్మర్దీ, పోయిన పండక్కి వచ్చినప్పుడు నీ బండి స్టార్ట్ చేయగానే ముందు వైపు నుంచి టిక్ టిక్ మని వినిపించింది, వేడెక్కాక తగ్గింది. అది మానిఫోల్డ్ గాస్కెట్ (ఇంజన్‌కి అతికే చోట ఉండే సీలు) లీక్ లాగుంది. అక్కడ బయటి గాలి దూరితే పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే సెన్సర్ మోసపోయి పెట్రోల్ ఎక్కువ పోయిస్తుంది. నీ పికప్, మైలేజీ అక్కడే పోతున్నాయేమో. ఆదివారం పొద్దున్నే వచ్చేయ్, బండి వేడెక్కకముందే అన్న దగ్గర చూపిద్దాం.