మూతలో ఒంపిన మాత్రలు

ఆఫ్రికాలోని మలావీకి హెచ్ఐవీ క్లినిక్ డాక్టరుగా వెళ్లిన ఐదో వారంలో సూది గుచ్చుకుంది. తప్పు పూర్తిగా నాదే. రక్తం తీశాక సూదికి మళ్లీ మూత పెట్టొద్దు, అలాగే సేఫ్టీ బాక్సులో పడెయ్యండి అని కొత్తవాళ్లకి చెప్పేవాణ్ణి నేనే. ఆ రోజు క్యూ వరండా దాటి చెట్టు కిందికి పాకింది, బాక్సేమో గదికి ఆ మూల ఉంది. మూత పెట్టబోయాను. గ్లవ్ లోపల ఎర్రచుక్క కనిపించింది.

సబ్బుతో కడుక్కున్నాను. పిండకూడదు, బ్లీచింగ్ లాంటివి పొయ్యకూడదు. హెచ్ఐవీ రక్తమున్న సూది గుచ్చుకుంటే సోకే అవకాశం సుమారు వెయ్యికి మూడు. ఎంతోమందికి ధైర్యంగా చెప్పిన అంకే. మన వేలి దాకా వచ్చాక ఆ మూడు మరీ చిన్నదిగా అనిపించదు. నివారణ మందు 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. డ్యూటీ నర్సు నాకూ పరీక్ష చేసి, గంటలోపే 30 మాత్రల డబ్బా చేతిలో పెట్టింది. చూస్తే టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్ కలిపిన మాత్ర. పొద్దుటి నుంచీ పేషెంట్లకి నేను రాసిస్తున్నది అదే.

అక్కడ నా పనిలో సగం లెక్కలే. ప్రతి పేషెంటూ హెల్త్ పాస్‌పోర్ట్ అనే చిన్న పుస్తకం తెచ్చుకుంటారు, చాలామంది ప్లాస్టిక్ కవర్లో చుట్టి. అందులో బరువు, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో) చూసి, డబ్బా మూతలో మాత్రలు ఒంపి రెండేసి చొప్పున లెక్కపెట్టాలి. ఎక్కువ మిగిలితే ఎందుకు మానేశారని అడగాలి. అక్కడి భాష చిచేవాలో నాకు ‘జికోమో’ (థాంక్స్) దాటి రాదు కాబట్టి ఎక్స్‌పర్ట్ క్లయింట్ అడిగేది. తానూ హెచ్ఐవీతో బతుకుతూ అదే క్లినిక్‌లో నలుగురికీ చెప్పే ఆవిడ. సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) ఎంతున్నా సరే, హెచ్ఐవీ ఉన్న గర్భిణులందరికీ జీవితాంతం మందులివ్వాలని మలావీ 2011లో మొదలుపెట్టింది, అందరికంటే ముందు. ఆవిడ మందు మొదలైంది అలాగే.

నా ఒక్క ప్రశ్నని ఆవిడ నాలుగు చేసేది: ఇంట్లో తిండి ఉందా, ఆయన ఊళ్లో ఉన్నాడా, డబ్బా ఎక్కడ దాస్తున్నావు, ఎవరికి తెలుసు. జనవరి, ఫిబ్రవరిల్లో పాత మొక్కజొన్న అయిపోయి, కొత్తది చేతికి రాదు. ఖాళీ కడుపున వేసుకోకూడదనుకుని మానేసేవాళ్లు. ఈ మాత్ర పరగడుపునైనా వేసుకోవచ్చు. ఈ ఒక్క మాట చిచేవాలో తడుముకోకుండా చెప్పడం నేర్చుకున్నాను.

నాకు మొదటి వారమంతా వికారం, కలత నిద్ర. 13వ రోజు ఊళ్లు తిరిగొస్తుంటే జీపు బురదలో దిగబడింది. గది చేరేసరికి అర్ధరాత్రి, అలాగే పడుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం గుర్తొచ్చి ఆవిడకి చెబితే, డబ్బా తెమ్మని మూతలో ఒంపింది. రెండు, నాలుగు, ఆరు... ఉండాల్సినవి 17. ఉన్నవి 18.

“ఎందుకు మానేశారు, డాక్టర్?” నవ్వకుండానే అడిగింది. వానా, జీపూ అంటూ మొదలుపెట్టాను.

“జేబులో రెండు పెట్టుకోవచ్చుగా?”

నేనెవరికీ ఇవ్వని సలహా అది. నాకు తట్టనే లేదు. ఆ రోజు నుంచీ చొక్కా జేబులో కాగితం పొట్లం ఉండేది.

తర్వాత చేయించుకున్న పరీక్షలన్నీ నెగటివ్. చివరి మాత్ర మాత్రం క్లినిక్‌లోనే, ఆవిడ ముందే వేసుకున్నాను.

“ఇక మీకు అయిపోయినట్టేనా?” అంది.

అయిపోయిందన్నాను. తలూపి, తర్వాతి నంబరు పిలిచింది.