కసాగు ఏ ఊరు?

జూన్‌లో కావలికి వెళ్ళినప్పుడు మా అమ్మాయి సూట్‌కేసులో లెక్కల ప్యాకెట్ కూడా వచ్చింది. న్యూజెర్సీలో తొమ్మిదో తరగతి అయిపోయింది. సెప్టెంబర్‌లో ఆల్జీబ్రా 2 మొదలయ్యేలోపు అదంతా చేసి తీసుకురమ్మన్నారు. కరెంటు పోయిన ఒక ఉదయం వరండాలో కూర్చుని దాన్ని ముందేసుకుంది.

రెండు భిన్నాలు కలపాలి. ఒకదాని హారం ఎక్స్ స్క్వేర్ మైనస్ 9, రెండోదాని హారం ఎక్స్ స్క్వేర్ ప్లస్ 5 ఎక్స్ ప్లస్ 6. తను రెండు హారాల్నీ గుణించేసింది. ఎక్స్ పవర్ 4తో మొదలై మైనస్ 54 దాకా సాగింది. తప్పేం కాదు, ఉమ్మడి హారమే. కాకపోతే పైన లవం అరపేజీ ఆక్రమించింది.

మా అన్నయ్య హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పక్కనుంచి చూసి ఊరుకోలేకపోయాడు. "ఏందమ్మా ఇది? క.సా.గు. తీయకుండా ఎట్టా కలుపుతావు?"

"కసాగు ఏ ఊరు మామయ్యా?"

ఆయన విడదీసి చెప్పాడు: కనిష్ఠ సామాన్య గుణిజం. వారాంతపు తెలుగు క్లాసులో గుణింతాలు రాసిన పిల్ల కాబట్టి గుణిజం దగ్గర పెద్దగా తడబడలేదు. మధ్య మాట మాత్రం 'సామాన్ల' అని వినపడిందట.

వదిన వంటింట్లోంచి, "సామాన్లే అనుకో, పోయిందేముంది?" అంది. తుమ్మలపెంట చేపలొస్తే పులుసు, రాకపోతే మామిడికాయ పప్పు. ఆ పూట సంగతి ఇంకా తేలలేదు. పులుసుకి మామిడికాయ ఒకటి, ఉల్లిపాయలు రెండు. పప్పుకి మామిడికాయలు రెండు, ఉల్లిపాయ ఒకటి. వండేది ఏదో ఒకటే. "ఏది వండినా సరిపోవాల, ఒక్కటి కూడా ఎక్కువ కొనకూడదు. ఎన్ని తేవాల?"

"రెండూ రెండేసి."

"మరి నువ్వు మూడేసి తెచ్చావు" అన్నాడు అన్నయ్య, అరపేజీ లెక్క మీద వేలు పెట్టి.

పాత పెళ్ళిపత్రిక వెనక్కి తిప్పి కారణాంకాలు రాయించాడు. మొదటి హారంలో ఎక్స్ ప్లస్ 3, ఎక్స్ మైనస్ 3. రెండోదాంట్లో ఎక్స్ ప్లస్ 2, ఎక్స్ ప్లస్ 3. రెండింట్లోనూ ఉన్న ఎక్స్ ప్లస్ 3ని ఒక్కసారే తీసుకోవాలి. మొత్తం మూడు కారణాంకాలతో పని అయిపోయింది. ఘాతాలుంటే ఏది పెద్దదైతే అది: 6 ఎక్స్ స్క్వేర్ వై, 8 ఎక్స్ వై క్యూబ్‌లకి 24 ఎక్స్ స్క్వేర్ వై క్యూబ్. తను ఎక్కువ కొన్న ఆ ఒక మామిడికాయ, ఒక ఉల్లిపాయే గ.సా.భా., అంటే గరిష్ఠ సామాన్య భాజకం, రెండింట్లోనూ ఉన్న భాగం. రెండూ గుణించగా వచ్చిన లబ్ధాన్ని దాంతో భాగిస్తే క.సా.గు. వచ్చేస్తుంది. "రెండు బీజీయ సమాసాలకే సుమా, మూడుంటే ఇది కుదరదు" అని రెండుసార్లు చెప్పాడు. మాస్టారి అలవాటు.

నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింటున్నాను. పదో తరగతి దాకా నేనూ ఇదంతా తెలుగులోనే చదివాను. ఇంటర్లో లెక్చరర్ ఎల్‌సీఎం, ఎల్‌సీఎం అంటుంటే అది మన క.సా.గు.నే అని తెలియడానికి వారం పట్టింది. తెలిశాక, తెలియనట్టు దొరికిపోతానేమోనని ఆ తెలుగు మాటనే వదిలేశాను. అందుకే పిల్లకి చిన్నప్పట్నుంచీ లెక్కలన్నీ ఇంగ్లీషులోనే చెప్పాను. ఇంట్లో తెలుగే మాట్లాడతామని అందరితో గొప్పగా అంటాను గానీ, ఆ తెలుగెంత? తిన్నావా, పడుకో, జాకెట్ వేసుకో. తెలుగు క్లాసు వాళ్ళని తప్పుపట్టను, వారానికి గంటలో వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? భిన్నాలు కలపడానికి నా దగ్గర తెలుగు ఉండి కూడా నేను దాచుకున్నాను.

ఆ పూట చేపలు రాలేదు. పప్పే.

తిరిగొచ్చాక మిగిలిన లెక్కలు ఫొటోలు తీసి మామయ్యకి వాట్సాప్‌లో పంపడం మొదలుపెట్టింది. ఒకదాంట్లో హారాలు ఎక్స్ మైనస్ 3, 3 మైనస్ ఎక్స్. రెండూ ఒకటే, గుర్తు మాత్రం తిరగబడిందని కనిపెట్టింది, క.సా.గు. సరిగ్గానే తీసింది. కానీ రెండో భిన్నం లవానికి మైనస్ పెట్టడం మరిచిపోయింది. పొద్దున్నే వాయిస్ మెసేజ్ వచ్చింది: "పప్పులో కాలేశావమ్మా!"

ఫోన్ పట్టుకుని నా గదిలోకి పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, ఏ పప్పు? ఆ రోజు మామిడికాయ పప్పా? నేను కాలు పెట్టలేదే!"