బతికున్న బాక్టీరియాను డీఎల్ఎస్‌లో పెట్టకండి

నేను ఫిజిక్స్ చదివి బయాలజీ ల్యాబ్‌లో చేరినవాణ్ణి. అందుకే పక్క ల్యాబ్ పిల్లలు బాక్టీరియా ఉన్న ట్యూబు పట్టుకుని నా దగ్గరికే వస్తారు. "అన్నా, వీటి సైజు చెప్పవా, డీఎల్ఎస్‌లో పెడితే రెండు నిమిషాల పనేగా" అంటారు. పని రెండు నిమిషాలదే. పేచీ అంతా వచ్చే నంబరుతోనే.

డీఎల్ఎస్ అంటే డైనమిక్ లైట్ స్కాటరింగ్, చెదిరిన కాంతితో కణాల సైజు చెప్పే మెషీన్. అది సైజును నేరుగా చూడదు. లేజర్ కాంతి కణాలకు తగిలి చెదిరినప్పుడు ఆ వెలుగు మిణుకుమిణుకుమంటుంది. మిణుకు ఎంత త్వరగా మారుతోందో చూసి, కణాల కదలికను లెక్కగట్టి, స్టోక్స్-ఐన్‌స్టీన్ సూత్రంతో వ్యాసం చెబుతుంది. చిన్న కణం చురుగ్గా కదులుతుంది, పెద్దది మెల్లగా. నీటి అణువులు నెడితే తప్ప కదలని కణాలకే ఈ లెక్క చెల్లుతుంది. ఈ.కోలై బాక్టీరియాకి కశాభాలు, అంటే ఈదడానికి తోకల్లాంటివి ఉన్నాయి, సెకనుకు 20 మైక్రాన్ల దాకా ఈదేస్తుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). అదే ఒక మైక్రాన్ ప్లాస్టిక్ గోళం నీటి అణువుల నెట్టుడుతో, అంటే బ్రౌనియన్ చలనంతో, సెకనులో జరిగేది మహా అయితే ఒకటి రెండు మైక్రాన్లు. ఈత సంగతి మెషీన్‌కేం తెలుసు? ఇంత వేగం ఉందంటే చాలా చిన్న కణమే అనుకుంటుంది. ఫార్మాల్డిహైడ్‌తో చంపి పెడితే ఈ గొడవ తీరుతుంది. అప్పుడు కూడా అది చెప్పేది సమానమైన గోళం వ్యాసం. రెండు మైక్రాన్ల పొడవూ, మైక్రాన్‌లోపు వెడల్పూ ఉన్న కడ్డీకి "వ్యాసం" అంటే ఏమిటో మీరే చెప్పండి.

నాకు నచ్చేది కోణాలు కొలిచే పాత పద్ధతి. 650 నానోమీటర్ల ఎర్ర లేజర్‌ను గుండ్రటి గాజు గొట్టం నడిమధ్య గుండా పంపి, చుట్టూ వెలుగును కొలిచే ఫోటోడయోడ్ తిప్పుతూ ఏ కోణంలో ఎంత వెలుగు వస్తోందో రాసుకోవడం. చదరపు క్యూవెట్ (శాంపిల్ పోసే చిన్న గాజు పాత్ర) వద్దు, గోడ దగ్గర కిరణం వంగి కోణం మారిపోతుంది. స్టాఫైలోకాకస్ లాంటి గుండ్రటి బాక్టీరియా అయితే వెలుగు ముందువైపే ఎక్కువగా పడి, తర్వాత తగ్గుతూ వచ్చి ఒక కోణంలో బాగా మసకబారుతుంది. వ్యాసం ఒక మైక్రాన్ అయితే ఆ మసక దాదాపు 41 డిగ్రీల దగ్గర. కణం చిన్నదైతే ఇంకా పెద్ద కోణానికి జరుగుతుంది. కాకపోతే స్టాఫ్ కణాలు గుత్తులుగా అంటుకుని ఉంటాయి, వాటిని విడగొట్టకపోతే ఆ మసక పూడిపోతుంది. ద్రావణం పలచగా కూడా ఉండాలి, లేదంటే ఒకసారి చెదిరిన కాంతి మళ్లీ చెదిరి కోణాలన్నీ కలగాపులగమవుతాయి.

ఫ్లో సైటోమీటర్ (కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నుంచి పంపి చూసే మెషీన్) వాడేవాళ్లకూ ఒక మాట. ఒక మైక్రాన్ పాలిస్టైరీన్ పూసలతో కాలిబ్రేట్ చేసి, "మా బాక్టీరియా పూసకన్నా చిన్నవి" అని రాసేస్తారు. పూస వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1.59, బాక్టీరియాది 1.4 లోపే, నీటిది 1.33. నీటికి దగ్గరగా ఉన్న వస్తువు కాంతిని తక్కువ చెదరగొడుతుంది. అంతే తప్ప అది చిన్నదని కాదు!

ఇంతకీ కాంతి పరిక్షేపణం, అదే ఈ చెదరడం, మనకేదో కొత్త విద్య అన్నట్టు మాట్లాడతారు కానీ, కల్చర్ ఎంత పెరిగిందో తెలియడానికి 600 నానోమీటర్ల కాంతితో రోజూ చూసే ఓడీ 600 కూడా అదే. 600 దగ్గర ఈ.కోలై కాంతిని పెద్దగా శోషించదు, పక్కకు చెదరగొడుతుంది. డిటెక్టర్‌కు చేరనిదంతా మనం ఓడీ అంటున్నాం. అందుకే ఒకే కల్చర్‌కు రెండు స్పెక్ట్రోఫోటోమీటర్లు రెండు రకాల రీడింగులు ఇస్తాయి. ముందుకు చెదిరిన కాంతిలో ఎంత పట్టుకుంటుందన్నది ఒక్కో మెషీన్‌కు ఒక్కోలా ఉంటుంది.

ఇంకోటి, జోరుగా పెరుగుతున్న దశలో కణాలు పెద్దవిగా ఉంటాయి, పెరుగుదల ఆగాక చిన్నవవుతాయి. ఈసారి శాంపిల్ తెచ్చేటప్పుడు ఏ దశలో తీశారో ట్యూబు మీద రాసుకురండి.