పీజీ సెంటర్‌కి యూనివర్సిటీ బోర్డు పెడితే సరిపోతుందా?

మన దగ్గర చాలా యూనివర్సిటీలు ఒకప్పటి పీజీ సెంటర్లే. గుంటూరు దగ్గర నల్లపాడులో ఆంధ్రా యూనివర్సిటీ 1967లో పెట్టిన సెంటర్ 1976లో నాగార్జున అయింది. ఎస్వీ యూనివర్సిటీ అనంతపురం సెంటర్ 1981లో శ్రీకృష్ణదేవరాయ అయింది. శ్రీకాకుళం దగ్గర ఎచ్చెర్ల సెంటర్‌కు మాత్రం యూనివర్సిటీ కావడానికి 1977 నుంచి 2008 దాకా పట్టింది. 2006-08 మధ్య నన్నయ, యోగి వేమన, విక్రమ సింహపురి, కృష్ణా, పాలమూరు వరసగా వచ్చేశాయి.

అసలు చూడాల్సింది శాంక్షన్డ్ పోస్టులు. భవనాలు ఎలాగోలా లేస్తాయి. యూజీసీ లెక్కలో డిపార్ట్‌మెంట్‌కి ఒక ప్రొఫెసర్, ఇద్దరు అసోసియేట్లు, నలుగురు అసిస్టెంట్లు ఉండాలి. పీహెచ్‌డీ గైడ్‌గా ప్రొఫెసర్ 8 మందిని, అసోసియేట్ 6గురిని, అసిస్టెంట్ నలుగురిని తీసుకోవచ్చు. ఏడుగురూ ఉండి, అందరికీ గైడ్‌షిప్ ఉంటే 36 మంది స్కాలర్లు. ఒక్క రెగ్యులర్ అసిస్టెంటూ మిగతా అంతా అకడమిక్ కన్సల్టెంట్లూ (తాత్కాలికంగా పెట్టుకునే టీచర్లు) అయితే నలుగురే, ఎందుకంటే కన్సల్టెంట్లకు గైడ్‌షిప్ రాదు. స్కాలర్లు లేకపోతే పేపర్లు రావు, ప్రాజెక్టులు రావు, ల్యాబ్‌లోకి కొత్త పరికరమూ రాదు. యూనివర్సిటీలకు గ్రేడ్ ఇచ్చే న్యాక్ దగ్గర మార్కులు పోయేదీ అక్కడే. పైగా యూజీసీ చట్టం 12బి సెక్షన్ కింద గుర్తింపు లేకపోతే యూజీసీ గ్రాంట్లకు దారే లేదు.

కోర్సుల ఎంపికలోనూ తొందరపడతారు. ఎంఏ, ఎంకామ్ నాలుగు గదుల్లో నడిచిపోతాయి. ఎమ్మెస్సీ కెమిస్ట్రీకి ఆ గదులు చాలవు. ఫ్యూమ్ హుడ్ (రసాయనాల పొగను బయటికి లాగే అర) గొట్టం కప్పు దాటి పైకి పోవాలి, ఆగని నీళ్లు కావాలి, యాసిడ్ నీళ్లకు వేరే డ్రెయిన్ కావాలి. తాత్కాలిక భవనంలో ఇవి కుదరక, హుడ్‌ని బీరువాలా వాడేస్తారు (నవ్వులాట కాదు). సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులతో ఫీజు వస్తుంది గానీ, అడ్మిషన్లు తగ్గిన ఏడాది జీతాలే ఆగుతాయి.

విడిపోయేటప్పుడు జిల్లా కాలేజీల అఫిలియేషన్ కొత్త యూనివర్సిటీకి మారితేనే అఫిలియేషన్, పరీక్ష ఫీజులు దాని ఖాతాలో పడతాయి. మాతృ యూనివర్సిటీ ఆ ఆదాయాన్ని అంత తేలిగ్గా వదలదు. బదిలీ అయిన సిబ్బంది పాత సర్వీసుకు పెన్షన్ ఎవరిస్తారో జీవోలోనే రాయించుకోవాలి, తర్వాత అడిగితే ఫైలు తిరుగుతూనే ఉంటుంది.

మధ్యలో చదువుతున్న బ్యాచ్‌లకు డిగ్రీ ఎవరి పేరు మీద వస్తుందో కూడా ముందే తేల్చాలి. పట్టా మీద ఏ యూనివర్సిటీ పేరుంటే వెరిఫికేషన్‌కి అక్కడికే రాయాలి. క్యాంపస్ ఎక్కడున్నా సరే.